బండారికి తవ్వెడు గాసం

జెర ఇటు జరుగుండ్రి బిడ్డా, పొగ మీదికి మళ్లింది. ఆ తుమ్మ మొద్దును నడుమకు తొయ్యి, అది అంటుకుంటే తెల్లారేదాంక కాలుతది. ఏమంటున్నరు? కుక్క ముచ్చట చెప్పాల్నా? పట్నంల మీ ఈ కుక్కకు పుట్టినరోజున్నది, పరుపున్నది, సలికి తొడిగే అంగి ఉన్నదని పొద్దుగాల్నుంచి చెప్తనే ఉన్నరు. మంచిగనే ఉన్నది, నేనేం తప్పు పట్ట. మా కుక్కకు పరుపు లేదు గని గాసం ఉండె. పాలేర్లకు కొలిచిచ్చినట్టు దానికీ గింజలు కొలిచేటోళ్లు. మంద పెట్టే కాడ గింజలు మాట్లాడుకునేటప్పుడు మా తాత ముందుగాల మనుషుల లెక్క చెప్పి, ఆఖరికి "మా బండారికి తవ్వెడు" అని ఏరుగ కొలిపించుకునేటోడు. నవ్వేటోళ్లు నవ్వేటోళ్లు. తాత మాత్రం నవ్వకపోయేది.

మాది చేర్యాల దిక్కు ఊరు. గప్పుడది వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లాల కలిసింది. అంత చెల్క భూమి, రాళ్ల గుట్టలు. వాన పడితే పంట, లేకుంటే మంట. మేం కురుమలం, మా ఇంటికి ఆధారం గొర్లే. ఇయ్యాల మీరు చూసే తెల్లయి, ఎర్రయి కావు. ఒంటి నిండ బొచ్చున్న నల్లగొర్లు. సర్కారోళ్లు దక్కనీ జాతి అని రాసుకుంటరు. ఏడాదికి రెండుమార్లు బొచ్చు కత్తిరించేది. మా నాయినమ్మ ఆ ఉన్ని ఏకి దారం వడికేది. చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద గొంగడి నేస్తే ఎంత వానకైనా తడి లోపలికి దిగకపోయేది. మాకు ఛత్రి అదే, పరుపు అదే, అడవిల గుడిసె గూడ అదే.

గని ఉన్ని కంటె గొర్రె పెంటికలకే ఎక్కువ గిరాకి. ఎండాకాలం చేన్లు ఖాళీ కాంగనే పటేండ్లు కబురు పెట్టి మంద పెట్టించుకునేటోళ్లు. పగలంత గుట్టలల్ల మేపుకొచ్చి, రాత్రి ఆయన పొలంల గొర్లను పండబెట్టాలె. ఇయ్యాల ఈ మడిల, రేపు పక్క మడిల. ఆ పెంటికలు, ఆ ఉచ్చ భూమిల ఇంకితే రెండు మూడు పంటల దాంక బలం తగ్గదు. దానికి పటేల్ జొన్నలో వడ్లో కొలిచేటోడు, మంద కాడ ఉన్నోళ్లకు బువ్వ పెట్టేటోడు. అంటే ఊరి బయట, కంచె లేని చేనుల, నిండు మందను పెట్టుకొని రాత్రంత ఉండాలె. నాయిన ఒక మూలకు, చిన్నాయిన ఒక మూలకు, తాత నెగడు కాడ. మూడు మూలలు మనుషులవి. నాలుగో మూల కుక్కది.

1961ల కొమురెల్లి మల్లన్న జాతరకు పోయినప్పుడు మాకు ఆ నాలుగో మూల ఖాళీగనే ఉండె. అంతకుముందున్న కుక్కను సలికాలంల తోడేండ్లు కొట్టినయి. మల్లన్న జాతర సంక్రాంతికి మొదలైతే ఉగాది దాంక ప్రతి ఆయితారం నడుస్తది. పుట్టమన్నుతోని చేసిన దేవుడు, రెండు పక్కల బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. గంగిరేగు చెట్టు కాడ పట్నాలు, ఒగ్గోళ్ల డోళ్లు, ఎవలి మొకం చూసినా పసుపు బండారి. నాకు తొమ్మిదో పదో ఏండ్లు. నా కండ్లు మిఠాయి దుకాణం మీద ఉంటె, తాత కండ్లు ఒక గంప మీద పడ్డయి. హుస్నాబాద్ దిక్కు కురుమాయన ఎవలో ఆ గంపల కుక్కపిల్లలు పట్టుకొచ్చిండు.

తాత కూసొని ఒక్కొక్క పిల్లను మెడ కాడ తోలు పట్టి లేపిండు. కుయ్యిమన్నదాన్ని కింద పెట్టిండు. అరవనిదాని నోరు తెరిచి అంగిలి చూసిండు. అంగిలి నల్లగుండాలె, ఎనక కాళ్లకు గూడ ఐదో గోరుండాలె అని ఆయన శాస్త్రం. ఆఖరికి ఒక నల్లపిల్ల మిగిలింది. లేపితే అరవలే. తాత గడ్డం వెంట్రుకలు పట్టి నములుడు మొదలువెట్టింది. దాని నెత్తి మీద బొటనవేలంత మేర పసుపురంగు మచ్చ, అప్పుడే దేవుని కాడ బండారి పూసుకొని వచ్చినట్టు. పేరు కోసం ఎతుక్కునే పని పడలే.

"ఉత్తగనే తీస్కపోవయ్య, గంపెడున్నయి" అన్నడు ఆ కురుమాయన. తాత ఒప్పలే. వంటకు తెచ్చుకున్న జొన్నలల్ల సోలెడు కొలిచి ఆయన తువ్వాలల పోసిండు. "ఉత్తగ వచ్చింది ఉత్తగనే పోతది. కొనుక్కపోతే ఇంట్ల దానికి లెక్క ఉంటది" అన్నడు. మరాఠోళ్లు మన మల్లన్ననే ఖండోబా అని కొలుస్తరు, ఆ దేవుని ఎంబడి కుక్క ఉంటదని నాకు చాన ఏండ్లకు తెలిసింది. తాతకు తెల్సో తెల్వకనో గని, గుడి బయట ఆ పిల్ల నెత్తి మీద ఇంత బండారి రాసి దండం పెట్టిండు. తొవ్వ పొడుగుత నా గొంగడి మడతల పండుకున్నది. ఊరు రాంగనే లేచి నా అంగి మొత్తం తడిపింది.

మీరు కుక్కపిల్లను సోఫా మీద పెంచుతరు. మంద కుక్కను గొర్రెపిల్లలల్ల పెంచాలె. మొదట్ల రెండు మూడు నెలలు ఎవల నడుమ పెరిగితే వాళ్లనే అది తనోళ్లు అనుకుంటది. తల్లి గొర్లు మేతకు పోతె, పిల్లలను కొట్టంల పెద్ద గంప కింద కమ్మేటోళ్లం. బండారిని గూడ అదే గంప కింద కమ్మేది. మ్యాకపాలు పోసేది. మా నాయినమ్మ చేతికి గొర్రె ఉన్ని చుట్టుకొని దాని ఒళ్లు రుద్దేది, మంద వాసన అంటాలని. మొదట్ల ఒక తల్లిగొర్రె దాన్ని గుద్ది పారేసింది. తర్వాత ఆ గొర్రె పక్కనే పండుకునేది. గొర్రెపిల్ల ఎగిరితే ఇదీ ఎగిరేది, అవి గడ్డి కొరికితే ఇదీ కొరికి చూసి తుపుక్కుమని ఊసేది. మా అవ్వ కడుపు పట్టుకొని నవ్వేది, "నాయినా, దీనికి కొమ్ములు గూడ మొలుస్తయేమో చూడుండ్రి" అని.

నాకు పడ్డ పని పిడుదులు ఏరుడు. చెవుల లోపట, ఏళ్ల సందులల్ల జొన్నగింజలంత పిడుదులు. పీకి నిప్పుల ఏస్తే టప్పుమనేటియి. గాయమైతే కానుగ నూనె రాసేది. నేను ఏరుతున్నంత సేపు కండ్లు మూసుకొని, మెడ చాపి, కదలకపోయేది. సారు దగ్గర నేనెన్నడు అంత బుద్ధిగ కూసోలే.

బడి ముచ్చట వచ్చింది గదా. నేను బడి ఎగ్గొట్టి మందల దాక్కునేది. ఒకనాడు సారు నన్ను ఎతుక్కుంట గుట్ట కాడికే వచ్చిండు. చేతిల నల్ల ఛత్రి. బండారికి ఈ భూమ్మీద పడని వస్తువు ఏదన్న ఉంటే అది ఛత్రే. తోడేలును చూసిన గూడ అంత లొల్లి చెయ్యకపోయేది. సారు ఛత్రి మడిచి చంకల పెట్టుకొని, "ఏడిరా మీవోడు?" అని దాన్నే అడిగిండు. ఇగ ఏముంది, ఛత్రి కనవడకపోయేసరికి శాంతమై, తోక ఊపుకుంట ఉరికొచ్చి నేను దాక్కున్న పరికి పొద కాడ నిలబడ్డది. నేను కండ్లెర్ర చేస్తె ఇంక సంబురంగ మొరిగింది. సారు చెవి పట్టుకొని తోలుకపోతుంటె, మమ్ముల బడి దాంక సాగనంపి, వాకిట్ల పండుకొని, సాయంత్రం నన్ను మందకు తోలుకచ్చింది. అగొ, అట్ల నాకు నాలుగు అక్షరాలు వచ్చినయి.

దొంగబుద్ధి లేదా అంటే, ఉండె. గొర్రె ఈనితే మావి పడేదాంక దూరంగ కూసొని చూసేది గని తల్లి మీదికి పోకపోయేది. అది దానికి ఎవలు నేర్పలే. ఇంట్ల జున్ను వండితే మాత్రం ఆ బుద్ధులన్ని మరిచేది. ఒక పండుగనాడు నాయినమ్మ గురిగిల జున్ను పెట్టి ఉట్టి మీద పెట్టుడు మరిచింది. వచ్చి చూసేసరికి గురిగి నాకి నాకి అద్దం చేసింది. నాయినమ్మ చీపురు పట్టుకొని తరిమింది, అది పోయి తాత ఎనక కూసున్నది. తాత అన్నడు, "దాని గాసంల పట్టుకో. దాన్నెందుకు కొడ్తవు?"

ఆ గాసం లెక్క ఎప్పుడు మొదలైందంటే, దానికి రెండో ఏడు నడుస్తున్నప్పుడు. మా ఊరి పెద్ద పటేల్ పొలంల మంద పెట్టుడు మాట్లాడుతున్నరు. ఒక్కో రాత్రికి ఇన్ని మానికల జొన్నలని తెగింది. తాత లేవలే. "కుక్కకు తవ్వెడు" అన్నడు. తవ్వ అంటే రెండు సోలలు, మానికల సగం. పటేల్ నవ్వి, "కుక్కకు గూడ కూలినా?" అన్నడు. "పటేలా, నడిజాముకు మేం ముగ్గురం నిద్రపోతం, నువ్వు నీ ఇంట్ల నిద్రపోతవు. అది ఒక్కటే మేలుకుంటది. ఎవలికి కూలి ఇయ్యాల్నో నువ్వే చెప్పు" అన్నడు తాత. పటేల్ జవాబు చెప్పలే, తవ్వెడు కొలిచిండు. నాయినమ్మ ఆ గింజలను ఏరే కుండల పోసేది. ఇంట్ల మాకు గటుక తక్కువైనా ఆ కుండల చెయ్యి పెట్టకపోయేది. దాంట్లకెల్లి విసిరిన పిండితోనే బండారికి అంబలి, రొట్టె.

ఎండలు ముదిరి మా దిక్కు గడ్డి ఎండితే మందలు పాకాల దిక్కు పోయేటియి. కాకతి గణపతిదేవుడు 1213ల కట్టించిన చెరువది. దాని కింద వరి కోసిన మళ్లు, చుట్టూర అడవి. గొర్రెకు మేత, రైతుకు ఎరువు. హన్మకొండ పక్కకెల్లి హసన్‌పర్తి కాడ రైలుపట్టా దాటి, నర్సంపేట మీదుగ నడిచి పోవాలె. కావడిల కుండలు, జొన్నపిండి, గొంగండ్లు. ఆ కాలంల బొగ్గు ఇంజన్లు. ఢిల్లీ దిక్కు పోయే బండి కూత పెడ్తె గొర్లు ఏ దిక్కు చెదురుతయో దేవునికే ఎరుక. గొర్రె గుణం ఏందంటే ముందుది ఎటు ఉరికితే అన్నీ అటే ఉరుకుతయి. బండారికి ఎట్ల తెలిసిందో గని, పట్టా కాడికి రాంగనే ఎన్నడు ముందట నడవని కుక్క ముందటికి పోయి అడ్డం నిలబడేది. బండి పోయి, చిన్నాయిన ఈల ఏసినంకనే పక్కకు జరిగేది.

అట్ల పోతున్న ఒక తాప, పొద్దూకి మంద ఆపి అంబలి పోసినం. బండారి తట్టల అంబలి అట్లనే ఉన్నది. తాత గొర్లను అంకెలల్ల లెక్కపెట్టకపోయేది, మొకాలతోని గుర్తుపట్టేటోడు. ఆ పూట ఇంక గొర్లను చూడకముందే, "తట్టల అంబలి మిగిలిందంటే ఎనక ఏదో మిగిలింది" అన్నడు. చూస్తే చూడి గొర్రె ఒకటి లేదు. నాయిన, నేను లాంతరు పట్టుకొని వచ్చిన తొవ్వనే ఎనకకు పోయినం. పిలుస్తే పలుకు లేదు. నడిరాత్రి దాటినంక ఒక ఒర్రె కాడ లాంతరు ఎలుగుల రెండు కండ్లు మెరిసినయి. నాకు గుండె జారింది. నాయిన ఈల ఏస్తే తోక చప్పుడు, తుప్పలకు కొట్టుకుంట. గొర్రె అక్కడనే ఈనింది. పిల్ల ఇంక తడి ఆరలే. ఒర్రె అవతల నక్కలు కూస్తున్నయి. ఆకలితోని ఉన్న కుక్క ముందట మావి పడి ఉన్నది, తల్లి లేవలేదని అది గూడ ముట్టలే. మమ్ముల చూసినంక, నాయిన పిల్లను చేతులల్లకు తీసుకున్నంక, అప్పుడు పోయి తిన్నది.

తోడేలు సంగతి చెప్పకుంటే ఈ కత నిండదు. తోడేలు పులి తీరు దుమకదు, మోసం చేస్తది. ఒకటి మందకు ఒక దిక్కు కనవడి కుక్కలను పిలిచినట్టు చేస్తది. కుక్కలు దాని ఎంబడి ఉరుకుతయి. అప్పుడు రెండోది ఇంకో దిక్కుకెల్లి సప్పుడు లేకుంట వచ్చి గొంతు పట్టి ఎత్తుకపోతది. మా పాత కుక్క అట్లనే మోసపోయి, దూరం పోయి సచ్చింది. అందుకే ఈ తాప తాత కమ్మరి కాడ ఇనుప ముల్లుల పట్టెడ చేయించిండు. ముల్లులు బయటి దిక్కు, లోపట తోలు. పగలు తీసేది, రాత్రి మెడకు కట్టేది. ఆ పట్టెడ కట్టంగనే బండారి ఆటలు బంద్. గొర్రెపిల్ల వచ్చి మీద పడినా పక్కకు జరిగేది, ముల్లు తాకుతదని.

పాకాల అడవి అంచున ఒక అమాస రాత్రి. మాతోని ఇంకో మంద ఉన్నది, వాళ్లయి రెండు కుక్కలు. తూరుపు దిక్కు తోడేలు కనవడ్డది. ఆ రెండు కుక్కలు మొరుక్కుంట ఉరికినయి. బండారి గూడ ఉరికింది. నాలుగడుగులు పోయి ఆగింది. చిన్నాయిన కండ్లార చూసిండు. అది ఎనకకు తిరిగి, మందను చుట్టుకొని, పడమటి మూలకు పోయి చీకట్ల నిలబడ్డది. మొరగలే. అటుకెల్లి రెండోది రానే వచ్చింది. మీదపడ్డయి. తోడేలు కుక్క మెడ పట్టబోయి ముల్లులు పట్టింది. అది ఒర్లిన సప్పుడు నాకు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. చిన్నాయిన కొరివి పట్టుకొని ఉరికేసరికి తోడేలు పోయింది. బండారి భుజం చీరింది, చెవి కొస తెగింది. ఒక్క గొర్రె పోలే. తెల్లారినంక పక్క మంద పెద్దమనిషి వచ్చి, దాన్ని తన రెండు గొర్లకు అమ్ముతవా అని అడిగిండు. తాత నవ్వి, "నేను సోలెడు జొన్నలకు కొన్న, నీకు లాభానికి అమ్మితే మల్లన్న ఊకుంటడా?" అన్నడు.

ఇగ పిచ్చినక్క. 1966ల అనుకుంట. పట్టపగలు, మనుషులను చూసి బెదరకుంట, చొంగ కార్చుకుంట మందల పడ్డది. అడ్డం పోయిన చిన్నాయినను పిక్క మీద కరిచింది. రెండో కాటు పడకముందే బండారి దాన్ని కింద ఏసి సంపింది. చిన్నాయినను బస్సుల వరంగల్ పెద్ద దవాఖానకు తోలుకపోయిండ్రు. అప్పుడు పిచ్చికుక్క కాటుకు బొడ్డు చుట్టు 14 సూదులు, రోజుకొకటి. ఆ మందు దేనితోని చేసేటోళ్లో ఎరుకనా? గొర్రె మెదడుతోని. 2004 దాంక మన దేశంల ఆ మందే చేసిండ్రు, తర్వాత బంద్ పెట్టిండ్రు. మా చిన్నాయిన ఆ సంగతి తెలిసినంక, "ఇన్నేండ్లు నేను గొర్లను కాసిన, ఒక్కసారి గొర్రె నన్ను కాసింది" అని నవ్వేటోడు. ఇప్పుడు ఐదు సూదులు, అవీ చేతికి. భయపడేదేం లేదు గని ఆలస్యం చేయొద్దు.

చిన్నాయినకు సూదులున్నయి, కుక్కకు ఏమున్నయి? ఊరంత ఒక్కటే మాట, కుక్కను సంపుండ్రి అని. వాళ్లది తప్పు కాదు. పిచ్చి లేస్తే మందల, ఇంట్ల ఎవలనీ విడువదు. తాత దాని ఒళ్లంత ఎతికిండు. పట్టెడ లేని పగటిపూట గదా, ముక్కు మీద ఒక గీత కనవడ్డది. కుంకుడుకాయ నురుగుతోని మళ్లమళ్ల కడిగిండు. అది మంచి పనే అని తర్వాత డాక్టర్లు చెప్పంగ విన్న. ఊరి బయట చింతచెట్టుకు గొలుసుతోని కట్టేసిండు. "మూడు నెలలు చూస్త. నీళ్లు తాగుడు మానినా, చొంగ కారినా గొడ్డలి నేనే పడ్త, ఇంకొకలు ముట్టొద్దు" అన్నడు. పిల్లలు ఆ దిక్కు పోవద్దని ఆన పెట్టిండు. పొడుగు కట్టెతోని తట్ట నూకి అంబలి పోసేటోడు. రోజు పొద్దుగాల గొడ్డలి చంకల పెట్టుకొని పోయి, అది నీళ్లు తాగుతుంటె చూసి, గొడ్డలి అట్లనే తెచ్చేటోడు.

ఆ మూడు నెలలు మంద మంద తీరుగ లేదు. రాత్రి గొర్లు పండుకోకపోయేటియి, గాలి కొడితే ఉలికిపడేటియి. చింతచెట్టు దిక్కుకెల్లి అది ఊళ పెడ్తె ఇటు గొర్లు లేచి నిలబడేటియి. గాసం కొలిచేనాడు పటేల్ అడిగిండు, "కుక్క మంద కాడ లేదు గద, దాని తవ్వ ఎందుకు?" తాతకు కోపమొచ్చుడు అరుదు, ఆనాడు వచ్చింది. "పాలేరు జెరమొచ్చి మంచాన పంటె గాసం కోస్తవా పటేలా? నీ పొలంలనే గద నక్క వచ్చింది" అన్నడు. పటేల్ కొలిచిండు. మూడు నెలలు నిండినయి, బండారి నీళ్లు తాగుతనే ఉన్నది. గొలుసు ఇప్పిన పొద్దు అది మా మీదికి రాలే. నేరుగ మందలకు పోయి, చుట్టూర తిరిగి, ఒక్కొక్కదాన్ని వాసన చూసి, అప్పుడు తాత కాళ్ల కాడ పండుకున్నది. అన్ని కుక్కలకు అట్ల కలిసిరాదు బిడ్డా, మా అదృష్టం పండింది.

1972 కరువు మీరు పుస్తకాలల్ల చదివే ఉంటరు. గుట్టల మీద పరికి ఆకు గూడ మిగలలే. మందల సగం అమ్మినం, కొన్ని సచ్చినయి. నాయిన, చిన్నాయిన, నేను కరువు పనికి పోయి రాళ్లు కొట్టినం. మంద పెట్టమని పిలిచేటోళ్లు లేరు, అంటే తవ్వెడు గాసమూ లేదు. బండారికి అప్పటికే పండ్లు అరిగినయి, ఎనక కాళ్లు గుంజుతున్నయి. తాత తన గటుకలనే పక్కకు తీసి దానికి నీళ్లు పోసి పెట్టేటోడు. నాయినమ్మ మందలిస్తె, "అది ఇన్నేండ్లు కొలిపించి తెచ్చిన గింజలల్ల నేను తినలేదా?" అనేటోడు. నిజమే, ఏడాదికి కొంత ఆ కుండల మిగిలేది, ఆపతికి మేమే తిన్నం.

ఆ ఏడాదే ఒక పొద్దుగాల అది మందల నడుమ లేవలే. ఎప్పుడు పండుకునే మూలల కాదు, గొర్రెపిల్లల నడుమ. తాత తన గొంగడి ఇచ్చిండు, పాత చింపిరిది కాదు, కప్పుకునేదే. పటేల్ పొలం గట్టు మీద ఏపచెట్టు కింద గుంత తీసినం. అడగకుంటనే పటేల్ వచ్చి నిలబడ్డడు.

మరుసటేడు వానలు పడ్డయి. పంట తీసినంక పటేల్ మల్ల మంద పెట్టించుకున్నడు. గింజలు కొలిచి, ఆఖరికి అలవాటు కొద్ది తవ్వ నింపి పక్కన పోసిండు. తాత ఆ కుప్ప దిక్కు చూసి, దోసిట్ల ఎత్తి మల్ల పటేల్ గుమ్మిల పోసిండు. "ఉంచుకోవయ్య, ఎంతున్నదని" అన్నడు పటేల్. "జెరం వచ్చినప్పుడు తీసుకున్న పటేలా. ఇప్పుడు కావలి లేదు, కూలి ఎట్ల తీసుకుందు?" అన్నడు తాత. మల్ల కొమురెల్లికి పోయి ఇంకో పిల్లను తెచ్చి, అది మందకు పనికొచ్చిన నాడే మల్ల తవ్వెడు అడిగిండు.

ఇప్పుడు ఆ నల్లగొర్లు మన దిక్కు కండ్లకు కానరావు. గొంగడి కొనేటోళ్లు తగ్గిండ్రు, కూరకు బరువుండే బొచ్చులేని గొర్లు వచ్చినయి. తోడేండ్లూ లేవు. మా కరువు ఏడాదే, 1972ల, వన్యప్రాణుల చట్టం వచ్చింది, ఇయ్యాల తోడేలును సంపితే జైలే. మంచిదే. దాని బతుకు అది బతికింది, మాతోని కొట్లాడినా అడవిల దానికీ లెక్క ఉన్నది. 2017ల సర్కారు గొర్ల పథకం పెట్టినప్పుడు నేను గూడ పోయి చూసిన. 75 శాతం సబ్సిడీ, ఒక్కొక్కలకు 20 గొర్లు, ఒక పొట్టేలు. లారీల దించిండ్రు, చెవులకు పోగులేసిండ్రు. నేను ఆ సారును అడిగిన, "అన్నీ బాగున్నయి సారూ, కుక్కేది?" అని. ఆయన నవ్విండు. మా తాత అయితే కుక్కను రాసేదాంక సంతకం పెట్టకపోవును.

కుక్కను ప్రేమించుడు మీకు ఎవలు నేర్పాల్సిన పని లేదు. నేను చెప్పేది లెక్క గురించి. దాని పాలు దానికి పెట్టుండ్రి, ఎచ్చులకు కాదు, యాదికుంచుకొని. మీ కుక్కకు ఏడాది సూది ఎప్పుడు ఏయించిండ్రో మీ నాయినను అడుగుండ్రి. చెప్పలేకపోతే పొద్దుగాల నేనే తోలుకపోత పశువుల దవాఖానకు. మబ్బులనే లేవాలె, ఛత్రి మాత్రం తేకుండ్రి, మీ కుక్కకు గూడ పడదేమో.